ఎండకీ చీటీ కావాలట!

ఏమోయ్ అబ్బాయ్, ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టి నా మాట వినవోయ్. పెట్టవని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను. ఎండని కూడా మందుల షాపులో కొనుక్కునే కాలం వచ్చింది బాబూ. ఎక్కడో మంచు కురిసే దేశంలో అంటే పోనీలే అనుకోవచ్చు. మన ఏలూరులో! శివరాత్రి వెళ్లీవెళ్లకముందే చొక్కా వీపుకి అంటుకుపోయే ఊళ్లో, రోహిణి కార్తెలో పవరుపేట స్టేషను దగ్గర చెప్పుల్లేకుండా నాలుగడుగులు వెయ్యలేని ఊళ్లో, ఎవరింటికెళ్లినా ఫ్రిజ్ తలుపులో ఓ డి విటమిన్ పొట్లం. ఆదివారం వచ్చిందంటే ఇంటిల్లిపాదీ పాలల్లో కలుపుకుని తాగడం. పొట్లానికి అరవై వేల యూనిట్లట. అరవై వేలు! మా రోజుల్లో అరవై వేలంటే తాడేపల్లిగూడెంలో మండువా ఇల్లూ, దాని వెనకాల కొబ్బరితోటా వచ్చేవి.

మా రోజుల్లో ఎండ ఉచితం. కావాలన్నా వద్దన్నా నెత్తిన పడేది. కొల్లేటి లంకల్లో మగాళ్లు గోచీ, తలగుడ్డ తప్ప ఒంటిమీద నూలుపోగు లేకుండా తాటిదోనె మీద నుంచుని పొద్దుగూకేదాకా మావులు ఎత్తేవారు. వీపులు నల్లగా నిగనిగలాడేవి. బళ్లో డ్రిల్లు మాస్టారు పదకొండింటి ఎండలో వరసగా నిలబెట్టి చేతులు పైకెత్తమనేవారు. డాబా మీద వడియాలు పెట్టి కాకులు తోలడానికి పిల్లల్ని కాపలా కూచోబెట్టేవారు. ఏ పిల్లాడికీ విటమిన్ పరీక్ష చేయించలేదు. ఇప్పుడు నీ కూతుర్ని చూడు. ఏసీ గదిలో లేస్తుంది, ఏసీ బండెక్కుతుంది, ఏసీ క్లాసులో కూచుంటుంది, సాయంత్రం మళ్లీ ఏసీలో పడుతుంది. ఆ పిల్లకి సూర్యుణ్ణి బొమ్మల పుస్తకంలో చూపించాలి.

నేను మాత్రం ఆ ఎండలో ఎంతసేపున్నానంటావా? ఆ సంగతి అడక్కూడదు. నా ఉద్యోగమంతా కైకలూరులో ఓ డాక్టరుగారి దగ్గర కాంపౌండరీ. పొద్దున ఏడింటికి లోపలికెళితే మధ్యాహ్నం భోజనానికే బయటికి. మందుల గదికి ఒకటే కిటికీ, దానికీ పచ్చ పరదా, ఎండ తగిలితే మందులు చెడతాయని. అంటే మందుల్ని కాపాడి నన్ను చెడగొట్టారన్నమాట.

పోనీ, ఎండలో మగ్గినవాళ్లయినా బాగున్నారా అంటే, తిరుపతి స్విమ్స్ డాక్టర్లు నా వాదన మీద నీళ్లు చల్లారు. డాక్టర్ హరినారాయణ్ గారి బృందం మన ఆంధ్రాలోనే పల్లెటూరివాళ్లకీ పట్నంవాళ్లకీ రక్తపరీక్షలు చేసి, 2008లో అచ్చేసింది. పొద్దస్తమానం పొలంలో ఉండే రైతులకి పట్నంవాళ్లకంటే డి ఎక్కువే ఉందట గానీ, వాళ్లలో కూడా చాలామందికి ఉండాల్సినంత లేదట. పైగా మన వెలుతుర్లో ఒంటికి డి తయారయ్యేది పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు దాకానట. తెల్లవారుజామున ఏలూరు కాలవగట్టు మీద శాలువా కప్పుకుని నడిచే మా పెన్షనర్ల సంఘానికి ఆ ఎండ వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదన్నమాట. ఈ సంగతి వాళ్లకి చెప్పాను. అప్పట్నుంచి నాతో నడవడం మానేశారు.

సరే, అసలు సంగతికి వస్తా. నా గోల పొట్లాల గురించి కాదు, చీటీ గురించి. మా రోజుల్లో మందుచీటీ అంటే శాసనం. డాక్టరుగారు మూల ఆర్ఎక్స్ అని గీకి, కింద నాలుగు వరసలు లాటిన్లో రాసేవారు. రోగికి అర్థం కాదు, రోగి కొడుక్కీ అర్థం కాదు, డాక్టరుగారి భార్యకీ అర్థం కాదు. నాకర్థమయ్యేది. అందుకే ఊళ్లో నాకూ నమస్కారాలు పెట్టేవారు. రోగి తన సీసా తానే తెచ్చుకునేవాడు, ఎక్కువగా కిరసనాయిలు వాసనేసేది. దాన్ని కడిగి, కొలగ్లాసుతో మిక్స్చరు పోసి, బిరడా బిగించి, తరవాత తెల్ల కాగితాన్ని అంగుళం వెడల్పున కత్తిరించేవాణ్ణి. ఆ పట్టీని మధ్యకి మడిచి అంచున కత్తెరతో వరసగా గాట్లు పెట్టి, విప్పి, మైదా జిగురు రాసి సీసా పక్కన నిలువుగా అతికించేవాణ్ణి. ఒక గాటుకీ ఇంకో గాటుకీ మధ్య ఉన్నది ఒక మోతాదు. అక్షరమ్ముక్క రాని ముసలమ్మ కూడా చూపుడువేలు గాటు మీద పెట్టి, ఇక్కడిదాకా పొద్దున, ఇక్కడిదాకా రాత్రి అని లెక్క తప్పకుండా తాగేది. గాటు దాటి చుక్క ఎక్కువ తాగితే మర్నాడు వచ్చి నా దగ్గర భయంభయంగా ఒప్పుకునేది. ఇప్పుడు? చదువుకున్నవాళ్లు, ఇంజనీర్లు, పొట్లం మీద ఏం రాసుందో చూడరు. వారానికొకటి ఎనిమిది వారాలు వాడమంటే ఎనిమిది నెలలు వాడేస్తారు. బలానికేగా అంటారు.

మా ఎదురింట్లో ఓ రిటైర్డ్ పోస్టుమాస్టరు గారున్నారు. మోకాళ్ల నొప్పులని ఎవరో చెబితే ఆరు లక్షల యూనిట్ల డి ఇంజక్షను తెచ్చుకుని, వీధి చివర సూదులేసే కుర్రాడి చేత పొడిపించుకున్నారు. డాక్టరు లేడు, చీటీ లేదు, రక్తపరీక్ష లేదు. “ఏమండీ, ముందు కాల్షియం ఎంతుందో చూపించుకోకూడదూ” అన్నాను. “మీరు పాతకాలం మనిషండీ” అన్నారు. ఆయన నాకంటే రెండేళ్లు పెద్ద! ఈ డి విటమిన్ నీళ్లల్లో కరిగి ఒంటేలుకి పోయే రకం కాదోయ్, కొవ్వులో దాక్కుని నెలల తరబడి కూచునే రకం. చీటీ లేనిదే అమ్మకూడని మందుల పట్టీ మీద నిలువునా ఎర్రగీత వేసి పెడుతున్నారు. ఆ గీత ఎవరు చూస్తున్నారు? అది డిజైననుకుంటున్నారు.

ఇంత గోల ఎందుకంటే, ఈ మధ్య నా కిడ్నీలు మొరాయించాయి. ముప్ఫయ్యేళ్ల బీపీ, ఇరవయ్యేళ్ల షుగరు, వాటి పని అవి చేశాయి. నాలుగో మెట్టు అంది డాక్టరమ్మ. మొత్తం ఐదే మెట్లట, ఐదోది ఎక్కితే డయాలసిస్ మెషీను దాకా రావొచ్చట. ఆ అమ్మాయి మా మనవరాలి ఈడు, జడ కూడా వేసుకోదు, కంప్యూటరు వంకే చూస్తూ మాట్లాడుతుంది. కానీ ఒక మాట చెప్పుకోవాలి, అడిగిందానికి విసుక్కోదు. “డి విటమిన్ బాగా తక్కువుంది తాతగారూ” అంది. “అదెంత పని తల్లీ, రేపట్నుంచి మిట్టమధ్యాహ్నం డాబా మీద కూచుంటా” అన్నాను. “కూచోండి, గొడుగు మర్చిపోకండి. కానీ మీ కిడ్నీ చెయ్యాల్సిన పని సూర్యుడు చెయ్యలేడు” అంది. గొడుగేసుకుంటే ఇంక ఎండెక్కడ తగుల్తుందని అడుగుదామనుకున్నాను. వెనకాల ఇరవైమంది ఉన్నారు, ఊరుకున్నాను.

ఆ పిల్ల చెప్పింది నీకర్థమయ్యేలా నేను చెబుతాను. నువ్వు వరిచేను సినిమాల్లో తప్ప చూసుండవు గానీ, అన్నమైతే తింటున్నావుగా. ఎండ మన చర్మంలో తయారుచేసేది వడ్లు. పొట్లంలో ఉన్నదీ వడ్లే. వాటిని దంచి బియ్యం చేసేది కాలేయం. మనం డి పరీక్ష అని డబ్బులు పోసి చేయించుకుంటున్నామే, అక్కడ కొలిచేది ఈ బియ్యాన్నే. అన్నం వండేది కిడ్నీ. ఆ అన్నం పేరు కాల్సిట్రయాల్. తిన్న తిండిలోంచి కాల్షియం రక్తంలోకి రావాలన్నా, మెడలో ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు బుద్ధిగా ఉండాలన్నా కావల్సింది అన్నమే గానీ వడ్లూ బియ్యమూ కావు. నా ఇంట్లో పొయ్యి సగానికి పైగా ఆరిపోయింది. వాకిట్లో తాడేపల్లిగూడెం మార్కెట్టంత వడ్లు కుప్ప పోసినా ఆకలి తీరేదెలా? అందుకని పక్కింట్లో వండించి క్యారేజీలో పంపినట్టు, వండిన అన్నాన్నే క్యాప్సూల్లో పెట్టి ఇస్తారు.

ఇది కనిపెట్టి ఎంతో కాలం కాలేదోయ్. 1970లో కేంబ్రిడ్జిలో ఫ్రేజరు, కొడిచెక్ అని ఇద్దరు, కిడ్నీలు తీసేసిన ఎలుకల్లో ఈ చివరి రూపం తయారవడం లేదని చూశారు. మరుసటేడు అమెరికాలో విస్కాన్సిన్‌లో డెలూకా గారి బృందం, మరికొందరు కలిసి దాని రసాయన నిర్మాణం తేల్చారు. 1978కి అక్కడ మందుల షాపుకొచ్చింది. వాళ్లు ఎలుకల మీద పడి తంటాలు పడుతున్న ఏడాది నేను కైకలూరులో అజీర్తి మందులో పిప్పరమెంటు చుక్కలు లెక్కపెడుతున్నాను. ఎవరి పని వారిది.

మరి ఆ క్యాప్సూలు మొదటిరోజే ఇచ్చిందా? లేదు! మా డాక్టరుగారైతే రోగి గుమ్మం దిగేలోగా మూడు రకాలు చేతిలో పెట్టేవారు. ఈ అమ్మాయి ముందు పొట్లాలే ఇచ్చింది. ఉన్న కాస్త పొయ్యికీ అసలు బియ్యమే లేకపోతే ఎలా అని. తరవాత నెలల తరబడి చూసింది. కాల్షియం, ఫాస్ఫరస్, ఆ పారాథైరాయిడ్ గ్రంథులు వదిలే పీటీహెచ్ అనే హార్మోను, మళ్లీ కాల్షియం, మళ్లీ ఫాస్ఫరస్. నా రక్తం తాగేశారు. ఎందుకమ్మా ఈ సాగదీత అంటే, కేడీఐజీవో అని కిడ్నీ వైద్యానికి పద్ధతులు రాసే అంతర్జాతీయ సంస్థ ఒకటుందట. డయాలసిస్ దాకా రానివాళ్లకి ఈ వండిన రకం అందరికీ మామూలుగా ఇచ్చెయ్యొద్దని 2017లో రాసిందట. నాలుగో మెట్టూ ఐదో మెట్టూ మీద ఉండి, పీటీహెచ్ బాగా పెరిగి ఇంకా పెరుగుతూ పోతుంటే అప్పుడు ఇవ్వమందట. కొంచెం పెరగడం ఒంటి సర్దుబాటేనట, దాన్ని చూసి కంగారు పడకూడదట.

ఎందుకంటావా? కాల్షియం తక్కువైందని అనుమానం వస్తే ఆ పారాథైరాయిడ్లు ఎముకల్లోంచి తోడి రక్తంలో పోస్తాయి. ఎముక గుల్లబారుతుంది. అందుకని మందివ్వాలి. మందు ఎక్కువైతే ఈసారి పేగుల్లోంచి కాల్షియం వరదలా వచ్చి పడుతుంది, వెంట ఫాస్ఫరస్సూ వస్తుంది, పాడైన కిడ్నీ దాన్ని బయటికి తోసెయ్యలేదు. ఎముకలో ఉండాల్సిన సున్నం పోయి రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. ఇటు తూగినా తప్పే, అటు తూగినా తప్పే. పైగా ఈ మందు కిడ్నీని బాగుచెయ్యదు. అది చెయ్యాల్సిన ఒక పనిని దాని బదులు చేస్తుంది, అంతే. మా పోస్టుమాస్టరు గారికి ఇది అరగంట చెప్పాను. అంతా విని, ఆ క్యాప్సూలు పేరు రాసివ్వండి, నేనూ తెచ్చుకుంటానన్నారు.

ఇంక దాని మోతాదు సంగతి వింటే కాంపౌండరన్నవాడికి కళ్లు తిరుగుతాయి. మేం గ్రెయిన్లలో తూచేవాళ్లం. గ్రెయినంటే సుమారు అరవై అయిదు మిల్లీగ్రాములు. ఊపిరి గట్టిగా వదిలితే త్రాసు ఊగేది. ఈ క్యాప్సూల్లో ఉన్నది 0.25 మైక్రోగ్రాములు. కాగితం మీద గుణించి చూశాను. ఒక్క గ్రెయిను మందుతో రెండున్నర లక్షల పైచిలుకు క్యాప్సూళ్లు కట్టొచ్చు. కైకలూరు తాలూకా మొత్తానికి పంచిపెట్టినా మిగిలేది. ఇంత చిన్నదాన్ని ఎవరు తూచారు, ఎలా తూచారు, సరిగ్గా తూచారని నమ్మడమెలా? నేను దగ్గరుండి చూడనిదాన్ని మింగడం నాకు అలవాటు లేదు. అయినా మింగుతున్నాను, కోడలు నీళ్లగ్లాసు పట్టుకుని ఎదురుగా నుంచుంటుంది.

ఫాస్ఫరస్ అన్నాను కదా. పరీక్ష కాగితం మీద ఆ మాట చూసినప్పుడల్లా నేను ఛాతీ విరుచుకుంటాను. నీకు కారణం తెలీదు, తెలీదని నాకు తెలుసు. మన భీమవరంలో 1895లో పుట్టినవాడు యల్లాప్రగడ సుబ్బారావు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగుని బట్టి కొలిచే పద్ధతిని హార్వర్డులో ఫిస్కే గారితో కలిసి 1925లో బయటపెట్టాడు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతని దశాబ్దాల పాటు ప్రపంచమంతా ప్రయోగశాలల్లో ఇదే. తాడేపల్లిగూడెం నుంచి బస్సెక్కితే గంటలో వెళ్లొచ్చే ఊరివాడు! అదే గూడెంలో సినిమా హాలు కట్టించిన రేలంగి పేరు చెబితే మీ నాన్నకైనా తెలుస్తుంది. నవ్వించినవాణ్ణి గుర్తుపెట్టుకున్నాం, సంతోషమే. మూత్రం కొలిచినవాణ్ణి ఎవడు గుర్తుపెట్టుకుంటాడు.

ఆ ఫాస్ఫరస్ పుణ్యమా అని నా కంచం ఖాళీ అయింది. చిన్నప్పుడు కొల్లేటి చేదుపరిగెలు ముల్లుతో సహా నమిలేసేవాళ్లం. బొమ్మిడాయిల పులుసు రాత్రి వండి పొద్దున చద్దన్నంలోకి వేసుకుంటే ఆ రుచి వేరు. కొరమేను తెస్తే ఇంటికి చుట్టాలొచ్చినట్టే. లంకల్లో జనం ఆ కొల్లేటి నీళ్లే కుండల్లో తెచ్చుకుని తాగేవారు. ఇప్పుడు చెరువులే చెరువులు. 1999లో అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో పెట్టారు, 2006లో చెరువుగట్లు కొట్టేశారు, తరవాత మళ్లీ గట్లు లేచాయి. ఆ చెరువుల్లో పెరిగిన శీలావతీ, బొచ్చె ఐసు పెట్టెలెక్కి కలకత్తా పోతాయి. లంకలవాళ్లు తాగడానికి నీళ్లు కొనుక్కుంటారు. చేపలు ఆటపాకలో గూడబాతులకి దొరుకుతున్నాయి, నాకు దొరకవు. డాక్టరమ్మ చిన్న ముక్క, అదీ వారానికి ఒకటిరెండుసార్లు అంది. మాంసకృత్తులూ ఫాస్ఫరస్సూ లెక్కలోనే ఉండాలట. భోజనంతోపాటు ఇంకో మాత్ర కూడా ఉంది, తిండిలోని ఫాస్ఫరస్‌ని పేగుల్లోనే పట్టేసే రకం. అన్నం ముందు మర్చిపోయి తరవాత గంటకి వేసుకుంటే దండగ. కోనసీమ వియ్యపురాలు ప్రేమగా పంపిన బొండాలు ఇంటిల్లిపాదీ తాగుతుంటే నేను చూస్తూ కూచోవాలి, పొటాషియమట. ఆవకాయ గురించి అడక్కు. మా కోడలు జాడీని అటక మీద పెట్టి నిచ్చెన తీసేసింది.

ఒక్క విషయంలో మాత్రం ఆ పిల్ల నా పక్షాన మాట్లాడింది. ఆ నల్లరంగు కూల్‌డ్రింకుల్లో ఫాస్ఫారిక్ ఆసిడ్ పోస్తారట. డబ్బా తిళ్లల్లో, ప్యాకెట్ మాంసాల్లో చెడిపోకుండా కలిపే ఫాస్ఫేట్లు దాదాపు పూర్తిగా ఒంటికి పట్టేస్తాయట. పప్పుల్లో గింజల్లో ఉండేది అంతగా పట్టదట. విన్నావా? మేం ఏలూరు వన్‌టౌన్‌లో గోళీసోడా కొట్టించుకుని తాగాం, దాంట్లో గాలి తప్ప ఏమీ లేదు. బిల్లుకి తగ్గ సలహా ఆ రోజొక్కటే వచ్చిందనుకున్నాను.

ఇంకో ముచ్చట. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడ 2016లో ఇంకో రకానికి అనుమతిచ్చారట. కాల్సిఫెడయాల్, అంటే ఇందాక చెప్పిన బియ్యం దశలో ఉండే మందు, మూడో నాలుగో మెట్టు మీదున్నవాళ్లకి. దాన్ని రాత్రి పడుకోబోయేముందు వేసుకుంటే కడుపులో నెమ్మదినెమ్మదిగా కరుగుతుందట. ఒక్కసారిగా వచ్చి పడితే ఒళ్లు బెదిరిపోయి, దాన్ని విరగ్గొట్టి పారేసే ఎంజైముని ఎక్కువ చేసుకుంటుందట. అందుకని నిదానంగా వదిలే పద్ధతి కనిపెట్టి, దానికి బోలెడు ధర పెట్టారు. చూశావా? నిదానం మేలని నేను యాభై ఏళ్లుగా నెత్తీనోరూ కొట్టుకుంటున్నాను, నాకెవడూ పైసా ఇవ్వలేదు. గూడెం నుంచి ఏలూరు రావాలంటే మా రోజుల్లో పాసింజరు. చేబ్రోలు, కైకరం, పూళ్ల, భీమడోలు, దెందులూరు, ప్రతిచోటా ఆగేది, ప్రతిచోటా ఎవరో ఒకరు పలకరించేవారు. మా పెద్ద సంబంధం ఆ బండిలోనే కుదిరింది. ఇప్పుడు హైవే మీద ముప్పావుగంటలో లాక్కొచ్చి పడేస్తారు. సంబంధాలు లేవు, పలకరింపులు లేవు, నడుంనొప్పి ఒక్కటే మిగిలింది.

ఆ నడుంనొప్పికి నువ్వు నొప్పి మాత్ర వేసుకుంటావు. వెయ్యకోయ్. చీటీ లేకుండా గుప్పెళ్లతో మింగే ఆ మాత్రలు కిడ్నీకి పగవాళ్లు. మా రోజుల్లో... ఊఁ, ఇక్కడ కొంచెం గొంతు తగ్గించాలి. మా రోజుల్లో ఏపీసీ అని తెల్లబిళ్ల ఉండేది. తలనొప్పికీ జ్వరానికీ అదే. అందులో పి అంటే ఫినాసెటిన్. ఏళ్ల తరబడి మింగినవాళ్ల కిడ్నీలు పాడవుతాయని తేలి, అమెరికావాళ్లు 1983లో దాన్ని ఎత్తేశారు. అప్పటిదాకా దేశదేశాల డాక్టర్లూ ఆ బిళ్లే రాశారు, దేశదేశాల కాంపౌండర్లూ అదే కట్టారు. పోనీలే, ఆ బిళ్లలకి పొట్లం ఎంత ముచ్చటగా కట్టేవాళ్లమో నువ్వు చూడలేదు.

మా కాలంలో కిడ్నీ జబ్బులే లేవోయ్ అని మొన్న పెన్షనర్ల సంఘంలో గట్టిగా అన్నాను. ఇంటికొచ్చాక మా పెదనాన్న గుర్తొచ్చాడు. లంకలోంచి తాటిదోనెలో పడుకోబెట్టి తెచ్చారు. కాళ్లు నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. కళ్ల కింద సంచులు. నీరు పట్టిందన్నారు. ఉప్పు మాన్పించి గలిజేరు ఆకు పప్పులో వండిపెట్టారు. వంశంలో ఉందన్నారు, ఎవరో చేతబడి చేశారన్నారు. అప్పట్లో క్రియాటినిన్ చూసేవాళ్లెవరు, మా డాక్టరుగారు మూత్రాన్ని పరీక్షనాళికలో కాచి తెల్లగా విరిగితే తలాడించేవారు, అంతే. సంక్రాంతి వెళ్లిన వారానికి పోయాడు. ఎముకలు నొప్పులని రాత్రిళ్లు మూలిగేవాడని పెద్దమ్మ చెప్పేది. ఆ నొప్పికి కారణం మెడలో నాలుగు గింజలంత గ్రంథులు కావొచ్చని ఇప్పుడు తడుతోంది. అప్పుడెవరికి తెలుసు. జబ్బులుండేవి, పేర్లుండేవి కాదు, కనక లేవనుకున్నాం.

ఇప్పుడు పేరుంది, కారణమే తెలీనిచోట్లు కూడా ఉన్నాయి. శ్రీకాకుళం ఉద్దానంలో కవిటి, సోంపేట, మందస వైపు, షుగరూ బీపీ లేని కష్టజీవులకే కిడ్నీలు పోతున్నాయి. నీళ్లా, మందులా, ఎండలో చెమటోడ్చడమా అని ఇంకా వెతుకుతూనే ఉన్నారు. మనకి దగ్గర్లో ఎ.కొండూరు తండాల్లోనూ అదే గోస. పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. డయాలసిస్ ఆరోగ్య పథకం కింద ఉచితంగా చేస్తున్నారు. ఇది బాగానే ఉందని ఒప్పుకుంటాను, గట్టిగా మాత్రం ఒప్పుకోను. ఉద్దానం రైతు ఎండలో ఉన్నంతసేపు నువ్వు నీ జన్మలో ఉండవు. వాడి కిడ్నీ వండడం మానేశాక ఆ ఎండంతా ఏ మూలకి? అదే ఆ డాక్టరమ్మ నాతో అన్నది. అప్పట్నుంచి డాబా ఎక్కడం తగ్గించాను, మోకాళ్లు కూడా సహకరించడం లేదనుకో.

కాబట్టి పొట్లాలు పంచుకునే మీ వాట్సాప్ గుంపుకి చెప్పు. నీ భార్యకి రాసిన చీటీ నీకు పనికిరాదు, నాకు రాసింది పోస్టుమాస్టరు గారికి పనికిరాదు. ఆయన ఇంజక్షను తరవాత నోరెండిపోతోందనీ, మలబద్ధకమనీ, మాటిమాటికీ ఒంటేలుకి లేస్తున్నాననీ అంటే, ఆటో ఎక్కించి నేనే పరీక్షకి తీసుకెళ్లాను. కాల్షియం పైకెళ్లింది. ఇప్పుడు పొట్లాలూ పాలూ మానేసి, డాక్టరు చెప్పినన్ని నీళ్లు తాగుతూ, నన్ను పాతకాలం మనిషి అనడం తగ్గించారు. సీసాకి నేను అతికించే గాట్ల కాగితం గురించి వాళ్ల మనవడికి చెబుతుంటే పక్కనే కూచుని విన్నారు కూడా.

నా సంగతా? క్యాప్సూలు మొదలెట్టాక మొన్న మళ్లీ పీటీహెచ్ చేయించారు. ఎంతొచ్చిందని అడక్కు, చెప్పను. తగ్గిందని తెలిసిందంటే ఈ కొత్త వైద్యాన్ని మావయ్యగారు మెచ్చుకున్నారని మా కోడలు ఫోన్లు చేసి న్యూజెర్సీ దాకా చెబుతుంది.